మూడేళ్ళు నిండాయా, నడుస్తున్నాయా?

అమెరికాలో తెలుగు కుటుంబాలు నాలుగు కలిసి క్రూజుకి వెళ్దామనుకుంటే చర్చ ఎప్పుడూ ఒకే వరసలో నడుస్తుంది. ముందు టిక్కెట్టు ధర, తర్వాత ఓడలో మన నోటికి పట్టే తిండి దొరుకుతుందా లేదా, ఆ తర్వాత బాల్కనీ గది తీసుకోవాలా, కిటికీ కూడా లేని గదితో సరిపెట్టుకోవాలా. పిల్లల సంగతి చివర్లో వస్తుంది, అదీ ఒక్క ముక్కలో తేలిపోతుంది. "ఓడలో కిడ్స్ క్లబ్ ఉంటుందట, ఫ్రీయేనట, పొద్దున్నే వదిలేస్తే రాత్రిదాకా వాళ్ళే చూసుకుంటారట." ఈ 'ట'లన్నిటినీ నమ్మి డబ్బులు కట్టేస్తాం.

నన్నడిగితే ఆ నాలుగైదు రోజులు ఎవరికి సెలవులో, ఎవరికి డ్యూటీయో తేల్చేది ధరా కాదు, బాల్కనీ కాదు, ఆ క్లబ్బుల వయసు నిబంధనలు. వాటిని చదివేవాళ్ళు తక్కువ, ఓడెక్కాక తిట్టుకునేవాళ్ళు ఎక్కువ. అందుకే ఈ టపా.

ముందు ఆ నిబంధనలేమిటో చూద్దాం. రాయల్ కరీబియన్ ఓడల్లో చాలా ఏళ్ళపాటు ఉన్న పద్ధతి ఇది: 3 నుంచి 5 ఏళ్ళవాళ్ళు ఒక గుంపు, 6 నుంచి 8 ఇంకోటి, 9 నుంచి 11 మరోటి, 12 వచ్చిందంటే టీనేజర్ల లెక్క. కార్నివాల్ వాళ్ళది 2-5, 6-8, 9-11, ఆపైన 12-14, 15-17. ఎమ్మెస్సీ వాళ్ళది 3-6, 7-11, ఆపైన మళ్ళీ 12-14, 15-17. నార్వీజియన్ వాళ్ళది 3-5, 6-9, 10-12, 13-17. అదే సముద్రం, అవే వయసుల పిల్లలు, గీతలు మాత్రం ఎవరివి వాళ్ళవి. ఆరేళ్ళ పిల్ల ఎమ్మెస్సీ ఓడలో తన గుంపులో అందరికంటే పెద్దది, కార్నివాల్ ఓడలో అందరికంటే చిన్నది.

అంటే ఈ అంకెలు పిల్లల ఎదుగుదలని కొలిచి పెట్టిన శాస్త్రమేమీ కాదన్నమాట. పోనీ చట్టమా అంటే అదీ కాదు. డేకేర్ లైసెన్సులు అమెరికాలో ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివి. ఈ ఓడలు చాలావరకు బహామాస్ జెండాతోనో, పనామా జెండాతోనో తిరుగుతాయి. గాల్వెస్టన్‌లో ఎక్కినంత మాత్రాన నడిసముద్రంలో ఉన్న ఓడకి టెక్సాస్ డేకేర్ రూలు వర్తించదు. కంపెనీ తన వీలుని బట్టి తాను గీసుకున్న గీత అది. మరి ఆ వీలు ఏమిటి?

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టే 3 అనే గీతనే తీసుకుందాం. ప్రోగ్రాములు రాసి బతికేవాళ్ళకి సరిహద్దు దగ్గర ఒకటి తేడా కొట్టే బగ్గు బాగా పరిచయం. 'కంటే ఎక్కువ' అని రాయాలా, 'ఎక్కువ లేదా సమానం' అని రాయాలా అన్న ఒక్క గుర్తు దగ్గర రాత్రంతా కూర్చున్న సందర్భాలు మనలో చాలామందికి ఉండే ఉంటాయి. తెలుగులో వయసు చెప్పే పద్ధతిలోనే ఆ బగ్గు ఉంది. మా స్నేహితుడి కొడుక్కి అప్పటికి రెండేళ్ళ పది నెలలు. వాళ్ళమ్మగారు తెనాలి నుంచి ఆర్నెల్లుందామని వచ్చారు. క్లబ్బుకి మూడేళ్ళుండాలట అనే మాట వచ్చినప్పుడు ఆవిడ వెంటనే, "ఇంకేం బాబూ, వీడికి మూడో ఏడేగా" అన్నారు. "నడిస్తే చాలదు పిన్నిగారూ, నిండాలి" అన్నాను. "మొన్న ఉగాదినించీ మూడో ఏడనే చెప్తున్నాం కదయ్యా" అన్నారావిడ. ఆవిడ లెక్కలో తప్పేం లేదు. మన పెద్దవాళ్ళు నడుస్తున్న ఏడు చెబుతారు, కంప్యూటరు నిండిన ఏళ్ళు చూస్తుంది. అది కూడా బుక్ చేసిన రోజుకి కాదు, మామూలుగా ఓడెక్కే రోజుకి. బర్త్ సర్టిఫికెట్టో పాస్‌పోర్టో వాళ్ళ ముందుంటుంది కాబట్టి రైల్లో టీసీకి చెప్పినట్టు చెప్పడం కుదరదు. (ఐదు దాటని పిల్లలకి మన రైళ్ళలో టిక్కెట్టు లేదు. నాలుగేళ్ళ దగ్గరే రెండుమూడేళ్ళు ఆగిపోయిన పిల్లలు మన ఇళ్ళలో ఎంతమంది లేరూ!)

వయసు నిండినా సరిపోదు, డైపర్ మానెయ్యాలి. రాయల్ కరీబియన్, డిస్నీ లాంటి చోట్ల మూడేళ్ళ క్లబ్బులోకి రావాలంటే పిల్లాడు తనంతట తాను టాయిలెట్‌కి వెళ్ళగలగాలి. ఇక్కడే ఆ అంకె గుట్టు బయటపడుతుంది. 3 అనేది వయసు కంటే కూడా ప్లంబింగ్‌కి సంబంధించిన అంకె. అమెరికా రేవులకి వచ్చే ఓడల శుభ్రతని సీడీసీ వాళ్ళ ప్రోగ్రాం ఒకటి తనిఖీ చేస్తుంది. డైపర్లు మార్చాలంటే దానికి వేరే చోటు, పక్కనే చేతులు కడుక్కునే సింకు, ఇలా దానికో పెద్ద పట్టిక ఉంటుంది. మామూలు ఈతకొలనులోకి డైపర్ వేసుకున్న పిల్లల్ని దించకూడదు. వేలమంది ఒకే వంట తిని, ఒకే మెట్ల కమ్మీలు పట్టుకుని తిరిగే చోట నోరోవైరస్ ఒక్కసారి మొదలైతే ఎలా పాకుతుందో వార్తల్లో చూస్తూనే ఉంటాం. కార్నివాల్ వాళ్ళు ఆ ఏర్పాట్లు పెట్టుకుని డైపర్లు మార్చడానికి ఒప్పుకున్నారు కాబట్టే రెండేళ్ళవాళ్ళని తీసుకోగలుగుతున్నారు. పిల్లలు అక్కడా ఇక్కడా ఒకటే, సింకులే తేడా.

రెండో కారణం మనుషులు. అమెరికన్ పిల్లల డాక్టర్ల సంఘం, ప్రజారోగ్య సంఘం కలిసి డేకేర్ల కోసం తయారుచేసిన ప్రమాణాల ప్రకారం ఏడాది దాటి మూడేళ్ళలోపు పిల్లలైతే నలుగురికి ఒక మనిషి ఉండాలి. మూడేళ్ళవాళ్ళైతే ఏడుగురికి ఒకరు చాలు. ఇవి నేల మీది డేకేర్లకి రాసినవే అయినా అలసిపోయే మనిషికి నేలయినా నీళ్ళయినా ఒకటే కదా. గీతకి ఇవతల దాదాపు రెట్టింపు మనుషులు కావాలి. మూడు దాటిన క్లబ్బు పగలంతా ఉచితంగా ఉండి, ఆరు నెలల నుంచి మూడేళ్ళలోపు వాళ్ళ నర్సరీకి గంటకింతని వసూలు చెయ్యడం అందుకే. ఆ నర్సరీ అన్ని ఓడల్లోనూ ఉండదు, ఉన్నచోట సీట్లు కొన్నే, ముందుగా పట్టుకోకపోతే దొరకవు.

ఇప్పుడు నాకు బాధనిపించే విషయానికొస్తాను. నర్సరీ లేదు, క్లబ్బులోకి రానివ్వరు. అప్పుడు ఆ రెండేళ్ళ పది నెలల పిల్లాణ్ణి చూసేదెవరు? దీనికి సమాధానం మన ఇళ్ళలో ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు. తెనాలి నుంచి వచ్చిన పిన్నిగారు. జీవితంలో మొదటిసారి నడిసముద్రం చూస్తున్న మనిషి రాత్రి షో టైముకి గదిలో మనవణ్ణి జోకొడుతూ ఉన్నారు. కొజుమెల్‌లో అందరం దిగి ఊరు చూసొస్తే ఆవిడ ఓడలోనే ఉండిపోయారు. "నాకీ ఎండలూ తిరుగుళ్ళూ పడవులే నాయనా, మీరెళ్ళి రండి" అన్నారు. పడవో, పడవని చెప్పాల్సి వచ్చిందో ఎవరడిగారు? "అమ్మని కూడా క్రూజుకి తీసుకెళ్ళాం" అని ఫోటోలు మాత్రం వాట్సాప్‌లో తెనాలిదాకా వెళ్ళాయి. ఇందులో ఓడ కంపెనీ తప్పేమీ లేదు. వాళ్ళ సైట్లో రాసే ఉంది. మూడేళ్ళలోపు పిల్లల బాధ్యత మాది కాదని వాళ్ళు చెబితే అది ఎవరిదో తేల్చుకోవాల్సింది ఇంట్లోవాళ్ళు. తేల్చుకోకపోతే అది ఎప్పుడూ కాదనలేని మనిషి మీదకే పోతుంది.

రెండో గీత 12 దగ్గరో 13 దగ్గరో ఉంటుంది. దీని గురించి ఎవరూ గొడవపడరు, నిజానికి భయపడాల్సింది దీని గురించే. చిన్నపిల్లల క్లబ్బులో తల్లో తండ్రో సంతకం పెట్టి వదలాలి, మళ్ళీ పేరిచ్చిన వాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి. తొమ్మిదేళ్ళు దాటినవాళ్ళు తమంతట తాము బయటికి వెళ్ళొచ్చని కొన్ని లైన్లలో తల్లిదండ్రులు అనుమతి ఇవ్వొచ్చు. టీనేజర్ల క్లబ్బులో ఈ లెక్కే ఉండదు. ఇష్టమొచ్చినప్పుడు వస్తారు, ఇష్టమొచ్చినప్పుడు పోతారు. పేరు రెండుచోట్లా క్లబ్బే కావడంతో "వాడు టీన్ క్లబ్‌లో ఉన్నాడు" అంటే ఎవరో చూసుకుంటున్నారనే అనుకుంటాం. అక్కడ ఆటలాడించేవాళ్ళు ఉంటారు గానీ మనవాడు ఎప్పుడు బయటికెళ్ళాడో లెక్క రాసేవాళ్ళు ఉండరు. "ఓడలో ఎక్కడికి పోతాడులే" అనేది ఇంకో మాట. 2024లో మొదలైన ఐకాన్ ఆఫ్ ద సీస్ నిండితే 7,600 మంది ప్రయాణికులు, ఆపైన సిబ్బంది. అది ఓ మాదిరి ఊరు. మనకి ముక్కూమొహం తెలియని ఊళ్ళో పన్నెండేళ్ళ పిల్లని రాత్రి పదకొండింటికి ఒంటరిగా తిరగనిస్తామా? కొన్ని లైన్లలో పిల్లలకి రాత్రి ఒంటిగంటకి కర్ఫ్యూ ఉంది, అంటే ఒంటిగంటదాకా తిరగొచ్చనే కదా అర్థం.

ఇలా చూస్తే ఈ గీతలకి ఒక అర్థం కనిపిస్తుంది. పిల్లాడు తెలివైనవాడా, ఎదిగాడా అని అవి చెప్పడం లేదు. బాధ్యత ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోతుందో చెబుతున్నాయి. మూడు దగ్గర ఇంటివాళ్ళ నుంచి ఓడవాళ్ళకి, పన్నెండు దగ్గర ఓడవాళ్ళ నుంచి పిల్లాడికే. "మావాడు వయసుకి మించి తెలివైనవాడండీ, పై గుంపులో వెయ్యండి" అని కౌంటర్లో బతిమాలేవాళ్ళు ఈ రెండో చేతిమార్పు గమనించరు. పదకొండేళ్ళవాణ్ణి పై గుంపులో వెయ్యమంటే 'మా పిల్లాడి లెక్క ఎవరూ రాయొద్దు' అని అడిగినట్టే.

నిబంధన అంత బిర్రుగా ఉండాలా, ఒకటి రెండు నెలలకి చూసీచూడనట్టు పోకూడదా అంటే, నా ఓటు బిర్రుగా ఉండటానికే. టెక్సాస్‌లో సెప్టెంబరు 1కి ఐదేళ్ళు నిండకపోతే కిండర్‌గార్టెన్‌లో సీటు హక్కుగా రాదు. రెండో తారీఖున పుట్టిన పిల్ల తల్లి బాధపడుతుంది, కానీ ఆగుతుంది. మనకి అన్యాయం జరిగిందని అనిపించదు, ఎందుకంటే పక్కింటివాళ్ళకీ అదే రూలు. రెండు నెలలు సడలిస్తే గీత పోదు, రెండు నెలలు వెనక్కి జరుగుతుందంతే. అక్కడ ఇంకెవరో మూడు రోజుల తేడాతో నిలబడి ఉంటారు. పైగా సడలింపు ఉందంటే అది గట్టిగా అడగగలిగేవాడికి, ఇంగ్లీషు బాగా వచ్చినవాడికి దొరుకుతుంది. మొహమాటస్థులకి దొరకదు. 'కొంచెం అడ్జస్ట్ చెయ్యండి' అనే మాటతో మనం పెరిగాం కాబట్టి దాని ఖరీదు మనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అయితే గీత బిర్రుగా ఉంటూనే దయగా కూడా ఉండొచ్చు. డిస్నీ ఓడల్లో చాలాకాలం 3 నుంచి 12 ఒక క్లబ్బు, 11 నుంచి 14 ఇంకో క్లబ్బు. అంటే 11, 12 ఏళ్ళ పిల్లలు రెంటిలో ఏదైనా ఎంచుకోవచ్చు. తర్వాత చిన్న క్లబ్బు హద్దుని 10కి దించేశారు. నాకు పాత పద్ధతే నచ్చింది. తొమ్మిదేళ్ళ బావా ఎనిమిదేళ్ళ మరదలూ సంవత్సరానికి ఒక్కసారి కలుసుకుంటారు, తీరా కలిశాక గీతకి చెరోపక్కా పెడితే ఎలా ఉంటుంది? హద్దు దగ్గర ఒక ఏడాది అటూ ఇటూ కలిపి ఉంచితే ఎవర్నీ బతిమాలాల్సిన పనిలేదు, ఎవరికీ మినహాయింపు ఇచ్చినట్టూ కాదు. అందరికీ వర్తించే వెసులుబాటు అది.

కంపెనీలు మన మాట విని మారవు గనక మనం చెయ్యగలిగింది చెబుతాను. బుక్ చేసేముందు ఎక్సెల్‌లో ఎలాగూ ఖర్చుల పట్టిక వేస్తాం. దానికి ఇంకో రెండు గడులు కలపండి. మొదటిదాంట్లో ఓడెక్కే రోజుకి ప్రతి పిల్లకీ నిండిన ఏళ్ళు, నడుస్తున్నవి కాదు. రెండోదాంట్లో క్లబ్బు తీసుకోని పూటల్లో ఆ పిల్లని ఎవరు చూస్తారో వాళ్ళ పేరు, ఏ రోజు ఎవరన్నది వంతులేసి మరీ. అమ్మగారి పేరు రాసేముందు మాత్రం ఆవిణ్ణి అడగండి. "నాకేం, మీ ఇష్టం" అంటే ఇంకోసారి అడగండి. నర్సరీ సీటు దొరకలేదంటే మూడు నెలలాగి, పిల్లాడికి మూడు నిండాకే వెళ్ళండి. సముద్రం ఎక్కడికీ పోదు, ఆవిడ వీసా గడువు ఒక్కటి చూసుకుంటే చాలు.