అన్నయ్య పొదుపు, రిసెప్షనిస్టు వాటా

మా పెద్దమ్మ కొడుకు డాలస్ శివార్లలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీలో పనిచేస్తాడు. 2025 మార్చిలో ఫోన్ చేసి విరుచుకుపడ్డాడు. 2024లో తన 1,80,000 డాలర్ల జీతంలోంచి 401(కె) పదవీ విరమణ ఖాతాలో 18,000 వేసుకున్నాడు. ఆ ఏడాది చట్టం ఒప్పుకున్న గరిష్ఠం 23,000. అయినా కంపెనీ దాదాపు 7,000 డాలర్లు వెనక్కిచ్చేసింది. దాని మీద ఆదాయపు పన్ను సరేసరి. ‘‘నా డబ్బు నేను దాచుకుంటే వీళ్లకేంటే బాధ? మా రిసెప్షనిస్టు దాచుకోకపోతే తప్పు నాదా?’’

కోపంలో అన్నా, ఆ చట్టం అసలు ఉద్దేశం అతని రెండో ప్రశ్నలోనే ఉంది.

ఇలా దాచుకున్న సొమ్ముకు అప్పటికి పన్ను పడదు. అంటే ఖజానా వదులుకుంటున్న డబ్బు. అది పైవాళ్ల జేబుల్లోకే పోకూడదని అమెరికా 1942 నుంచే పింఛను పథకాలకు వివక్ష నిరోధక షరతులు పెట్టింది. 1978 చట్టంతో పుట్టిన 401(కె)కు ఏటా ఓ పరీక్ష ఉంటుంది. కంపెనీలో 5 శాతానికి మించి వాటా ఉన్నవాళ్లు, ముందటేడు నిర్ణీత మొత్తానికి మించి (2024 పరీక్షకైతే 1,50,000 డాలర్లు) సంపాదించినవాళ్లు ఒక జట్టు. మిగతావాళ్లు మరో జట్టు. కింది జట్టు సగటున జీతంలో 4 శాతం దాచుకుంటే పై జట్టు సగటు 6 దాటకూడదు. కిందివాళ్లది 1 శాతమే అయితే పైవాళ్లకు 2. దాటితే పైవాళ్ల సొమ్ము వెనక్కివ్వాలి, లేదా కంపెనీయే కిందివాళ్ల ఖాతాల్లో కొంత వేయాలి. అన్నయ్య కంపెనీ మొదటి దారి పట్టింది. చవక కదా!

1982లో మరో నిబంధన చేరింది. ఖాతాల్లోని మొత్తం సొమ్ములో 60 శాతానికి మించి యజమానులు, కీలక అధికారులదే అయితే, మిగతా ఉద్యోగులకు కంపెనీ మామూలుగా జీతంలో 3 శాతం జమ చేయాలి. వాళ్లు స్వయంగా పైసా దాచుకోకపోయినా సరే.

ఎమ్మేలో జాన్ రాల్స్‌ను మార్కుల కోసం చదివాను. అట్టడుగువారికీ మేలు జరిగితేనే పైవారి అదనపు లాభం న్యాయమన్న ఆయన వాదన అకౌంటెంటు పట్టికలో ఎదురవుతుందని అనుకోలేదు. ఈ మాటే అంటే అన్నయ్య నవ్వలేదు.

అలాగని ఇదేదో ధర్మరాజ్యం కాదు. పథకం పెట్టి తీరాలని అక్కడి ఫెడరల్ చట్టం యజమానిని బలవంతపెట్టదు. పథకమే లేకపోతే పరీక్షా లేదు. పెట్టినా 21 ఏళ్లు నిండనివారిని, ఏడాది సర్వీసు లేనివారిని దూరంగా ఉంచొచ్చు. మొత్తానికి పైవాళ్ల గోల ఫలించి, అన్నయ్య కంపెనీ 2026 నుంచి అందరికీ 3 శాతం జమ చేయడానికి ఒప్పుకుంది. అలా చేస్తే ఆ పరీక్ష తప్పుతుంది. రిసెప్షనిస్టు కోసం ఎవరూ ధర్నా చేయలేదు. తమ పొదుపు కోసం పైవాళ్లు పోట్లాడితే ఆమెకు వాటా వచ్చింది.

మన దగ్గర దారి వేరు. 1952 నాటి భవిష్య నిధి చట్టం పరీక్షలు పెట్టలేదు, నేరుగా నిర్బంధించింది. తర్వాత చాలా సంస్థలకు అది మూల వేతనం, కరువు భత్యం మీద 12 శాతమైంది. శాతాన్ని కదిలించలేని యజమానులు మూల వేతనాన్నే కుదించారు. 2011లో నా తొలి ఉద్యోగంలో జీతం 6,000 రూపాయలు. చీటీలో మూల వేతనం 2,000, మిగతాదంతా ‘ప్రత్యేక అలవెన్సు’. మొత్తం మీద లెక్కిస్తే సంస్థ వాటా 720 అయ్యేది, 240తో సరిపెట్టారు. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులు కూడా మూల వేతనం కిందికే వస్తాయని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో తేల్చేనాటికి నేను ఆ ఉద్యోగం మానేసి చాలా కాలమైంది.

అప్పట్లో మా డెస్కులో ఎవరమూ అడగలేదు. అడిగినా మా తరఫున గొడవపడాల్సిన అవసరం పైవాళ్లెవరికీ లేదు. మా 240కి, వాళ్ల పొదుపుకు ఏ ముడీ లేదు మరి.