సఖినేటిపల్లిలో మా అమ్మమ్మ

రైలు నరసాపురంతో ఆగిపోతుంది. అక్కడినుండి కోనసీమకు పోవలసినవారు మాధవాయిపాలెం రేవుకు వచ్చి వశిష్ఠ గోదావరి దాటాలి. ఆవలి ఒడ్డు సఖినేటిపల్లి. ఇప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి బస్సులో రావచ్చు గాని, మా చిన్నతనంలో ఆ ఊరికి ప్రయాణమంటే పంటు ప్రయాణమే. సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, నరసాపురం ఆసుపత్రికి పోయి వచ్చేవారు, అంతర్వేది యాత్రికులు అందరూ ఒకే పంటు మీద. గోదావరి సముద్రంలో కలిసే చోటు దగ్గరే గనుక పోటు వేళ ఏటి నీరు ఉప్పగా ఉంటుంది.

రేవు దిగి కొబ్బరితోటల మధ్య కొంతదూరం నడిస్తే మా అమ్మమ్మ ఇల్లు. తాటాకు కప్పు, ముందు మట్టి అరుగు. ఆ అరుగు మీద గోడకు ఆనుకొని, కాళ్లు చాపుకొని, చేతిలో లేసు సూదితో కూర్చున్న అమ్మమ్మే నాకు సఖినేటిపల్లి.

ఈ లేసు అల్లిక మన ప్రాంతానికి ఎలా వచ్చిందో చాలామంది కుటుంబాలవారు మరచిపోయారు. 1836లో ఇంగ్లండు నుండి బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు తమ భార్యలతో భారతదేశానికి వచ్చారు. గోదావరి డెల్టాలో పాలకొల్లు, నరసాపురం కేంద్రాలుగా సువార్త పనిచేశారు. ఆ శతాబ్దంలోనే మిషనరీ స్త్రీలు పేద క్రైస్తవ స్త్రీలకు జీవనాధారంగా ఈ అల్లిక నేర్పారు. తరువాత అది కులమతాల ఎల్లలు దాటి డెల్టా గ్రామాల్లో ఇంటింటి పని అయింది. వర్తకులు నరసాపురం నుండి ఐరోపా దేశాలకు ఎగుమతి చేశారు.

అమ్మమ్మకు ఈ పని వాళ్లమ్మ నేర్పింది. ఏజెంటు వచ్చి దారం తూచి ఇచ్చి, నమూనా చూపించి పోయేవాడు. ఒకరు పూలు అల్లితే మరొకరు వాటిని కలిపి అతుకుపని చేసేవారు. ముక్కలు పూర్తయ్యాక మళ్లీ తూకం వేసి, మడత నలిగిందనో మాసిందనో కొంత తగ్గించి డబ్బులిచ్చేవాడు. అమ్మమ్మ వాదించేది కాదు. కాని మరుసటి రోజునుండి ఒడిలో తెల్లగుడ్డ పరచుకొని, దాని మీదే దారం ఉంచుకొని అల్లేది.

తెల్లవారుజామున లేచి ప్రార్థన, వంట, పశువుల పని. అందరికీ అన్నాలు పెట్టాక సూది. సాయంత్రం మళ్లీ వంట. కుటుంబ ప్రార్థన అయ్యాక లాంతరు దగ్గర మళ్లీ సూది. ఆమె పెదవులు కదులుతూనే ఉండేవి. కుట్లు లెక్కపెడుతోందనుకునేవాణ్ణి. ఒకరోజు అడిగితే, "లెక్క వేళ్లకు తెలుసురా. నోటితో మీ పేర్లు చెప్పుకుంటున్నాను ప్రభువుతో" అంది.

అంతర్వేది కల్యాణోత్సవం రోజుల్లో అరుగు పక్కన రెండు కుండల నిండా మంచినీళ్లు పెట్టేది. "వాళ్లు తీర్థానికి పోయేవాళ్లు కదా అమ్మమ్మా, మనకెందుకు?" అన్నాడు మా అన్నయ్య. "నడిచొచ్చినవాళ్లురా. ముందు చెంబందుకో" అంది. అంతకుమించి ఆమె మాకు ఆ విషయంలో ఏమీ బోధించలేదు.

1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమ కొబ్బరిచెట్లను లెక్కలేనన్ని పడగొట్టింది. మా తాతయ్య నాటిన చెట్లూ ఆ రాత్రి పోయాయి. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఇంటికి బియ్యం వచ్చింది, మా చిన్నపిన్ని నర్సు చదువు ఆగకుండా సాగింది. ఎలా అని ఎవరూ అడగలేదు. తాతయ్య ఎప్పుడూ అనే మాట ఒకటే: "మీ అమ్మమ్మ ఊరకే కూర్చోలేదు, ఏదో కాలక్షేపానికి అల్లుతూ ఉంటుంది."

ఆ మాట మా ఇంట్లోదే కాదని పెద్దయ్యాక తెలిసింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం ప్రాంతపు లేసు స్త్రీల మధ్య తిరిగి 1982లో ఒక పుస్తకం వెలువరించింది. ఇంటిపని గాక రోజుకు గంటల తరబడి అల్లుతూ, విదేశీ మారకం తెచ్చే ఈ స్త్రీలను అందరూ ఖాళీగా ఇంట్లో ఉండే గృహిణులుగానే లెక్కవేస్తున్నారని ఆమె చూపింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటికి అమ్మమ్మ ప్రభువునందు నిద్రించి చాలాకాలమైంది. చివరి రోజుల్లో చూపు మందగించింది. ఒడిలో దారం లేకపోయినా వేళ్లు కదులుతూనే ఉండేవి.

అపొస్తలుల కార్యములలో దొర్కా చరిత్ర మనకు తెలుసు. యొప్పేలో ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె తమకు కుట్టిన బట్టలను పేతురుకు చూపించారు. అమ్మమ్మ జ్ఞాపకార్థ కూడిక నాడు పాస్టరుగారు ఆ భాగమే చదివారు. నాకు ఒక సంగతి తట్టింది. చూపించడానికి మా ఇంట్లో ఒక్క లేసు ముక్క లేదు. యాభై ఏళ్లకు పైగా ఆమె అల్లినదంతా పంటెక్కి నరసాపురం పోయింది, అక్కడినుండి ఓడలెక్కింది. ఏ దేశంలో ఏ బల్ల మీద పరచి ఉందో మనకు తెలియదు. మా పిన్ని లేచి నిలబడి, "మా అమ్మ అల్లిన బట్ట ఇదే" అంటూ తన నర్సు యూనిఫాం కొంగు పట్టుకొని చూపింది. కూడికలో ఉన్న ఆడవాళ్లంతా ఏడ్చారు. వారిలో చాలామంది చేతివేళ్ల మీద సూది గుచ్చుకున్న గుర్తులున్నాయి.

పౌలు తిమోతికి రాస్తూ అతని అవ్వ లోయి విశ్వాసాన్ని పేరుపెట్టి తలచుకున్నాడు. ఆ ఒక్క పేరు అక్కడ లేకపోతే ఆ అవ్వ మనకు తెలిసేదే కాదు.

ప్రియ పాఠకులారా, మీ అమ్మమ్మగాని నాయనమ్మగాని బ్రతికి ఉంటే ఈ ఆదివారం ఆరాధన తరువాత ఆమె పక్కన కూర్చోండి. ఏ పని చేసి మిమ్మల్ని పెంచిందో, ఎంత కూలి వచ్చిందో, ఎవరు నేర్పారో అడగండి. కుటుంబ బైబిలు మొదటి పేజీలో పుట్టిన తేదీలు, పెండ్లి తేదీలు రాసుకుంటాం కదా, వాటి పక్కన ఆ పని కూడా రాయండి. మా బైబిలులో అమ్మమ్మ పేరు కింద మా పిన్ని ఇలా రాసింది: "లేసు పనివారు, సఖినేటిపల్లి."