కొండమీది పేరిత

తిరుమల వెళ్ళినవాళ్ళు దర్శనం చేసుకుని, లడ్డూ పుచ్చుకుని, వచ్చిన దారినే దిగిపోతారు. తీరిక వున్నవాళ్ళు శిలాతోరణం దాకా వెడతారు. ఈ కొండల వరసలో తప్ప లోకంలో మరెక్కడా తనంతట తాను మొలవని చెట్టు ఒకటి ఆ చుట్టుపక్కలే వుందని చాలామందికి తెలియదు.

నేను దాన్ని చూసింది చక్రతీర్థం వైపు, ఒక రాతి వాలులో. చుట్టూ బోదగడ్డి. మధ్యలో నడుమెత్తున నల్లటి మొద్దు, దాని నెత్తిన గొడుగు విప్పినట్టు పచ్చటి మట్టలు. దూరానికి అచ్చం ఈతచెట్టే. నా వెంట వచ్చిన ముసలాయన అడవిని అరచేతిలా ఎరిగినవాడు.

“ఈత కాదు సామీ, పేరిత. దీంట్లో మొగచెట్టు వేరే, ఆడచెట్టు వేరే” అన్నాడు.

శాస్త్రం చెప్పేదీ అదే. మద్రాసు రాజధాని అడవుల శాఖలో పనిచేసిన కర్నల్ బెడ్డోమ్ పేరుమీద, 1883లో డయర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి ‘సైకస్ బెడ్డోమై’ అని పేరు పెట్టాడు. ఇది పువ్వు పూయదు. భూమ్మీద పువ్వనేది పుట్టకముందే పుట్టిన వంశం దీనిది! మొగచెట్టు నెత్తిన పెద్ద కండె వేస్తుంది. ఆడచెట్టుకు నూగు రేకుల అంచున గింజలు కాస్తాయి.

దట్టమైన నీడకన్నా గడ్డి పెరిగే బయలే దీనికి ఇష్టం. రాళ్ళ సందున పిడికెడు మన్ను చాలు. ఆకులు సన్నగా, అంచులు కిందికి ముడుచుకుని వుంటాయి. వున్న తడి ఆరిపోకుండా అదొక ఉపాయం. గడ్డి వున్నచోట కార్చిచ్చు తప్పదు గదా! అందుకే పాత మట్టల మొదళ్ళు మొద్దుకు కవచంలా అంటుకుని వుంటాయి. నెత్తిమీద మట్టలన్నీ మాడిపోయినా మళ్ళీ కొత్తవి వేస్తుంది. కాని నిన్నగాక మొన్న మొలిచిన పిల్లమొక్కకు ఆ కవచమేదీ? ఏటేటా చిచ్చు రేగితే ముసలిచెట్లు మిగులుతాయి, పిల్లలు మిగలవు.

దీనికి తోడు మనిషి. మొగ కండెను నాటుమందుకని కోసుకుపోతారు. కండెతోపాటు పుప్పొడీ పోతుంది. పుప్పొడి లేనిదే ఆడచెట్టుకు గింజ కట్టదు.

శేషాచలం అనగానే అందరికీ ఎర్రచందనం గుర్తుకొస్తుంది. దేశాల మధ్య వ్యాపారాన్ని అదుపుచేసే ‘సైటిస్’ ఒప్పందంలో ఎర్రచందనం రెండో పట్టికలో వుంది. పేరితది మొదటి పట్టిక. అంటే అంతకన్నా గట్టి నిషేధం. 1989లో ఈ అడవిలో శ్రీ వేంకటేశ్వర జాతీయవనం వెలిసింది. 2010లో శేషాచలాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఇన్ని కాపలాలున్నా, ఒక్క అగ్గిపుల్ల చాలు.

ఈసారి కొండకు వెళ్ళినప్పుడు దారిపక్క గడ్డిలో ఈతచెట్టులాంటిది కనిపిస్తే, ఒక్క నిమిషం నిలబడి చూడండి. నెత్తిన కండె వుంటే దాని జోలికి పోకండి. ఎక్కడో ఆ వాలులోనే ఒక ఆడచెట్టు దానికోసం కాచుకుని వుంటుంది.