చెంబెడు నీళ్లు

ఈసారి గోడ పత్రికలో నేను తగ్గింపు గురించి రాస్తున్నాను. ప్రార్థనలో ఈ మాట ఎక్కువ వినబడుతుంది. దేవునికి తగ్గింపు ఇష్టం అంటారు. నాకు దీని మీద ఒక అనుమానం ఉండేది. మేము చెంచులం. మాది అమ్రాబాద్ అడవిలో ఒక పెంట. ఎక్కడికి పోయినా మమ్ములను కిందనే కూర్చోమంటారు. పెద్దోళ్లు తగ్గితే అందరూ మెచ్చుకుంటారు. ముందే కిందున్నోళ్లు ఇంకెంత తగ్గాలి?

మా అమ్మానాన్న మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని అలంపూర్ దిక్కు సీడు పత్తి చేనుకు పనికి పోయిండ్రు. దసరా సెలవులకు నేను కూడా అక్కడికే పోయినాను. అచ్చంపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి దాటి అలంపూర్ చౌరస్తాలో దిగాలి. అలంపూర్‌లో జోగులాంబ గుడి, చాళుక్యుల కాలం నాటి రాతి గుళ్లు ఉన్నాయని సోషల్ సారు చెప్పిండు. మేము చూడలేదు. పని అట్లాంటిది. సాయంత్రం, రేపు పూసే మొగ్గను విప్పి లోపలి పుప్పొడి కాడలు తీసేయాలి. పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఒక్క రోజు ఆగినా ఆ పువ్వు దండుగ. అందుకే ఆదివారం కూడా సెలవు లేదు. చేను గట్టు మీద మాకు తాగే నీళ్లు పైనుంచి చేతుల్లో పోసేవాళ్లు. చెంబు ఇచ్చేవాళ్లు కాదు.

ఆ ఊర్లో రేకుల కప్పు వేసిన చిన్న ప్రార్థన మందిరం ఉంది. అక్కడ ఆరాధన మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టుకున్నారు. పొద్దటి పని అయిపోయి, సాయంత్రం పని మొదలు కాకముందు అన్నమాట. అందరం చేను నుండి అట్లనే వచ్చేవాళ్లం. నల్లరేగడి నేల, వాన పడితే మోకాళ్ల దాకా బురద. తలుపు దగ్గర ఒక అవ్వ బకెట్టు, చెంబు పెట్టుకొని కూర్చుంటుంది. వచ్చిన ప్రతి ఒక్కరి కాళ్ల మీద నీళ్లు పోసి, చేత్తో బురద తోమి కడుగుతుంది. మొదటి వారం మా అమ్మ "వద్దవ్వా, వద్దు" అని కాలు వెనక్కి తీసుకుంది. అవ్వ ఆ కాలును గట్టిగా పట్టుకుంది. మా అమ్మ కాలును వేరేవాళ్లు పట్టుకోవడం నేను అదే చూడడం.

అవ్వ వయసులో ఉన్నప్పుడు జడ్చర్ల మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసిందట. అక్కడి పాతోళ్లు చెప్పుకునే డాక్టరమ్మ సంగతి నాకు చెప్పింది. ఆమె పేరు కేథరీనా షెల్లెన్‌బర్గ్. 1870లో రష్యాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా పోయి, డాక్టరు చదివి 1907లో మన దిక్కు వచ్చింది. కొన్నాళ్లు నాగర్‌కర్నూల్‌లో కూడా వైద్యం చేసింది. అంటే మా జిల్లాలోనే! 1928 నుండి శంషాబాద్ ఆస్పత్రిలో ఉంది. 1945లో చనిపోయేదాకా ఈ దేశంలోనే పని చేసింది. అంత చదువుకున్న ఆమె పల్లెటూరి వాళ్ల పుండ్లు కడిగింది. "ఆమెను ఎవరూ కడగమనలే, ఆమెకే ఇష్టం" అని అవ్వ అన్నది.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. యేసు ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి యోహాను సువార్త 13వ అధ్యాయంలో ఉంది. హాస్టల్‌కు వచ్చినాక మళ్లీ చదివినాను. తువ్వాలు కట్టుకునే ముందే, తాను దేవుని దగ్గర నుండి వచ్చినట్టు ఆయనకు తెలుసు అని రాసి ఉంది. తాను ఎవరో తెలిసి వంగిండు. చేనులో మమ్ములను వంచుతారు, అది వేరే. అది తగ్గింపు అని నేను ఒప్పుకోను. దేవుడు కూడా ఒప్పుకోడని నా నమ్మకం.

సెలవులు అయిపోయే ముందు ఆదివారం అవ్వకు మోకాళ్ల నొప్పులు ఎక్కువైనాయి. చెంబు మా అమ్మ చేతికిచ్చింది. ఆ రోజు మేము పనిచేసే చేను వాళ్ల కోడలు కూడా వచ్చింది, పిల్లకు జ్వరం తగ్గాలని ప్రార్థన చేయించుకోవడానికి. నాకు గుండె దడదడ కొట్టుకుంది. చేనులో అమ్మ ఆమెను "దొరసాని" అనే పిలుస్తుంది, తల కూడా ఎత్తదు. ఇక్కడ అమ్మ ఆమె ముఖంలోకి చూసి "అక్కా, కాలు ఇట్ల పెట్టు, జారుతది" అన్నది. ఆమె పడిపోకుండా మా అమ్మ భుజం పట్టుకుంది. అమ్మ రెండు కాళ్లూ కడిగి, పిల్ల కాళ్లు కూడా కడిగింది.

సాయంత్రం మొగ్గలు విప్పేటప్పుడు అమ్మ పాట పాడుతూనే ఉంది. చేనులో అమ్మ పాడంగ నేను ఎప్పుడూ వినలేదు. "ఎందుకు పాడుతున్నవే" అని అడిగితే నవ్వి "ఊకెనే" అన్నది.