ట్రామ్ పోయింది.. ఎద్దు మిగిలింది!

నందిగామలో పల్లెవెలుగు ఎక్కి కిటికీ పక్క సీటు పట్టాను. పెనుగంచిప్రోలు ఇక్కడికి 20 కిలోమీటర్లు, అటూ ఇటూగా. మున్నేరు ఒడ్డున తిరుపతమ్మ తల్లి గుడి. బస్సులో సగంమంది ఒళ్లో పొంగలి గిన్నె, పసుపు కుంకుమల సంచీ.

ఈ దారి కథ చెప్పాలంటే ముందు మద్రాసు వెళ్లాలి. ఎందుకంటారా? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన రాజధాని అదే. అక్కడ 1895లోనే కరెంటు ట్రామ్‌లు నడిచాయి. రోడ్డు మీదే పట్టాలు, పక్కనే జనం. కానీ ట్రామ్ పట్టా ఉన్నచోటికే వెళ్తుంది. బస్సుకు ఆ బాధ లేదు, ఊరు ఎటు పెరిగితే అటు తిరుగుతుంది. కంపెనీ నష్టాల్లో మునిగి, 1953 ఏప్రిల్ 12న ట్రామ్‌లు ఆగిపోయాయి. ఆరు నెలలు తిరక్కుండానే మనమూ మద్రాసు నుంచి విడిపోయాం.

మరి మన పల్లెల్లో? ఇక్కడ ట్రామ్ స్థానం ఎడ్లబండిది. తిరునాళ్లకు బండి కట్టుకుని, గడ్డి వేసుకుని, పిల్లాజెల్లాతో రావడమే. తర్వాత బస్సులొచ్చాయి. 1958 జనవరి 11న ఆర్టీసీ సంస్థగా ఏర్పడింది. దాని మూలం ఇంకా పాతది. 1932లో నిజాం రాజ్యంలో 27 బస్సులతో మొదలైన సర్వీసది.

ట్రామ్ పోయాక మద్రాసులో పట్టాలూ మిగల్లేదు. ఎద్దు మాత్రం మనల్ని వదల్లేదు. ఫిబ్రవరి, మార్చిల్లో తిరునాళ్లకు రండి, ఎడ్ల బండలాగుడు పోటీలు చూడండి. ఒకప్పుడు జనాన్ని మోసిన జాతి ఇప్పుడు జనం ఈలల మధ్య బండ లాగుతోంది! అమ్మవారికీ ఓ ప్రయాణం ఉంది. రెండేళ్లకోసారి విగ్రహాలు రంగుల కోసం ఊరేగింపుగా జగ్గయ్యపేట వెళ్తాయి. దారి పొడవునా ఊళ్లన్నీ ఎదురొస్తాయి.

నా పక్క సీటు పెద్దమ్మ చేతిలో ఆధార్ కార్డు. "ఇప్పుడు టికెట్టు లేదు గదా నాయనా, నెలకోసారి వస్తన్నా. ఇదివరకు కొడుకును డబ్బులడగాల్సొచ్చేది" అంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు పల్లెవెలుగు ఉచితం. కానీ మధిర వైపు నుంచి వచ్చే అక్కలకు ఈ సుఖం సగమే. తెలంగాణ ఉచిత బస్సు తెలంగాణ వాళ్లకు, ఇక్కడిది ఇక్కడి వాళ్లకు. అమ్మవారు ఒక్కరే, సరిహద్దు దాటితే మాత్రం టికెట్టు కొట్టాల్సిందే.

ఈ దారికి మున్నేరు భయమూ ఉంది. 2023 జులైలో ఏరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొస్తే హైదరాబాద్–విజయవాడ బస్సులే ఆగిపోయాయి. ఇక లోపలి ఊళ్ల సంగతి చెప్పాలా?

ట్రామ్‌ను బస్సు మింగింది. రేపు బస్సును ఆటోలు, బైకులు మింగొచ్చు. బైకున్నవాడికి ఫర్వాలేదు. ఆ పెద్దమ్మకు బైకు రాదు, ఆటోకు ఇవ్వడానికి చేతిలో డబ్బుండదు. మీరూ ఈసారి వెళ్తే కారు పక్కనపెట్టి పల్లెవెలుగు ఎక్కండి. ఎక్కేవాళ్లుంటేనే బస్సు నడుస్తుంది. బస్సు నడిస్తేనే ఆమె నెలనెలా అమ్మవారిని చూస్తుంది.