తాన్‌జుంగ్ తువాన్ దీపస్తంభం దగ్గర

పోర్ట్ డిక్సన్ వెళ్ళినవాళ్ళు తాన్‌జుంగ్ తువాన్ దీపస్తంభం చూడకుండా రాకూడదు. అడవిబాటలో ఎక్కితే ఎదురుగా మలక్కా జలసంధి, బారులు తీరిన ఓడలు. 1606లో డచ్చివారూ పోర్చుగీసువారూ తలపడింది ఈ కొన ముందే.

2004లో నేను కౌలాలంపూర్‌కి కొత్త. మా బావ సరుకు ఓడలో ఇంజనీరు. ఓడ ఈ జలసంధిలోకి వచ్చిందంటే దొంగల భయంతో విశాఖలో అక్కకు నిద్ర ఉండేది కాదు. ఆ మార్చిలో అమెరికా అడ్మిరల్ థామస్ ఫార్గో ఇక్కడి భద్రతకు తమ బలగాల ప్రస్తావన తెచ్చారు. మలేషియా, ఇండోనేషియా ససేమిరా అన్నాయి.

"రానిస్తే పోయేదేముందిరా?" అంది అక్క ఫోన్లో.

"1511లో పోర్చుగీసువారు వచ్చి 130 ఏళ్ళు కదల్లేదు. మా తలుపు మేమే వేసుకుంటాం" అన్నాడు ఆఫీసులో మలయ్ మిత్రుడు.

జూలైలో సింగపూర్‌తో కలిసి మూడు దేశాలూ గస్తీ మొదలెట్టాయి. 2005 సెప్టెంబరులో విమానాలూ తోడయ్యాయి. 2006 ఆగస్టులో లండన్ బీమా కమిటీ ఈ జలసంధిని ప్రమాద జాబితాలోంచి తీసేసింది.

మొన్న అక్కాబావలతో మళ్ళీ ఆ కొండెక్కాను. మిత్రుడి మాట చెబితే అక్క ఓడలకేసి చూస్తూ, "నిజమేలే. కానీ నాకు మనిషి ఇల్లు చేరడమే ముఖ్యం" అంది.

ఇద్దరిలో ఎవరినీ కాదనలేకపోయాను.