ఒడి నిండని పత్తి

శివరాత్రికి కులదేవత మొక్కని, కోవిల్‌పట్టి పక్కన అమ్మ పుట్టిన ఇడైసేవల్‌కు పోయినాము. 1923లో కి. రాజనారాయణన్ పుట్టిన ఊరూ అదే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, కరిసల్ మట్టి కథలు తమిళంలో రాసి, 1991లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చుకున్నారు.

మరుదినం పెద్దమ్మతో చేనికి పోయినాను. విరుదునగర్ మిల్లులో ఇరవై ఏండ్లు తెగిన నూలు అతికిన చేతులివి. పత్తి తీయడం మాత్రం చేతకాలేదు. ఎండిన కాయల మొనలు వేళ్లను గీరేసినాయి. పెద్దమ్మ ఒడి నిండింది, నాది సగం కాలేదు.

మధ్యాహ్నం అందరికీ సజ్జ కూడు, నాకు మాత్రం వరి అన్నం. "చుట్టానివి కదమ్మా" అన్నది పెద్దమ్మ. ఆ మాట ముల్లుకంటే గట్టిగా గుచ్చింది.

"నాకూ సజ్జ కూడే పెట్టు పెద్దమ్మా" అన్నాను.

"సజ్జ అంటే ఏమమ్మా?" అన్నది మా పాప. ఇంట్లో మేము కంబు అనే అంటాము. ఆ దినం నుంచి సజ్జ అంటున్నాము.